విద్యార్థులు - సేవాసంఘములు

వేసవి సెలవులు ముగిసి కళాశాలలు తెఱచునప్పుడు చెన్నపురమందలి ఆంధ్ర గృహములలో జరుగు ప్రసంగములు సామాన్యముగ రెండు విషయములను దాటవు. ఏ కళాశాలలో స్థానము దొరకును? ఆ చదువు ముగిసిన పిదప ఏ యుద్యోగము లభించును? నుంగంబాకమందలి లొయోలా కళాశాలలోనో, స్టెల్లా మారిస్ కళాశాలలోనో బిడ్డకు స్థానము దొరకినచో తల్లిదండ్రులు సంతసించుట సహజము. మొదటి కళాశాలను 1925లో జెసూట్లును, రెండవదానిని 1947లో ఫ్రాన్సిస్కన్ సన్న్యాసినులును స్థాపించిరనియు, రెండును కాథలిక్కు సంస్థలనియు మనవారెఱుగుదురు. కాని తరగతి గది వెలుపల తమ బిడ్డలు ఏ సంఘములలో చేరుచున్నారో, అవి యేమి చేయుచున్నవో విచారించు తండ్రి మాత్రము అరుదు. ఇపుడైనను విచారింపక తప్పదు. ఏలయన, ఇంతకాలము స్వేచ్ఛగ జరిగిన సేవ క్రమముగ పట్టాకు కావలసిన యర్హతలలో నొకటిగ మాఱుచున్నది. చెన్నపురిలోను, బొంబాయిలోను స్వయంపాలన గల కళాశాలలు కొన్ని సేవను ప్రతి విద్యార్థికిని నిర్బంధ విధిగ నేర్పఱచి, గంటల లెక్కను వ్రాయించుచున్నవి. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు కూడ సమాజసంపర్కమును రెండు క్రెడిట్ల పాఠ్యాంశముగ చేర్పవలెనని 2020లో మార్గదర్శక సూత్రములను ప్రకటించిరి. మార్కుల జాబితాలో దయకొక గడి యేర్పడినదన్నమాట.

ఈ మార్పును తూచి చూడవలెనన్న పాత సంఘములెట్టివో ముందు తెలియవలెను. కాథలిక్కు కళాశాలలలో ఇవి ప్రధానముగ రెండు తెగలు. ఒకటి కేవలము భక్తిసమాజము. 1563లో రోమునగరమందలి జెసూట్ల కళాశాలలో జాన్ లెయునిస్ అను బోధకుడు, తరగతులైన పిమ్మట కొందఱు విద్యార్థులను చేరదీసి, మరియమాత పేర నొక సమాజమును నెలకొల్పెను. 1584లో 13వ గ్రెగరి పోపు దానికి మాతృసమాజ ప్రతిపత్తి నొసంగెను. అటుపిమ్మట జెసూట్ల విద్యాలయము ఎచ్చట వెలసినను దాని ప్రక్కన సొడాలిటీ యను పేర ఈ సమాజమును వెలయుచు వచ్చినది. దీనిలో చేరుటకు కోరిక యొక్కటి చాలదు. కొంతకాలము అభ్యర్థిగ నుండి, నియమమునకు కట్టుబడుదునని సభ్యులకు నమ్మకము కలిగింపవలెను. నిత్యప్రార్థన, ఆత్మపరిశీలనము, దానికి తోడుగ ఆసుపత్రులకును చెఱసాలలకును పోయి చేయు సేవ ఆ నియమములోని భాగములు. 1967లో ఇది క్రైస్తవ జీవన సమాజమను క్రొత్త పేరును, క్రొత్త నిబంధనలను పొందినది. ఇది ఆ మతమువారికై యేర్పడినది. దీనియందితరులకు పనిలేదు, వివాదమును లేదు.

రెండవ తెగ దానధర్మ సంఘములది. వీనిలో ముఖ్యమగు సెయింట్ విన్సెంట్ డి పాల్ సంఘమును స్థాపించినవాడు మతాచార్యుడు కాడు, విద్యార్థి. పారిస్ నగరమున న్యాయశాస్త్రము చదువుచుండిన ఫ్రెడరిక్ ఓజానామ్ అను యువకుడు తోడి విద్యార్థులతో కలసి చరిత్రగోష్ఠి యొకటి నడుపుచుండెను. విశ్వాసులును అవిశ్వాసులును అందు వాదించుచుండిరి. సేంసిమోను సిద్ధాంతమును నమ్మిన ప్రతిపక్షి యొకడు, మీ మతము గతమున ఘనకార్యములు చేసియుండవచ్చును, నేడు పేదలకు మీరు చేయుచున్నదేమి యని యడిగెనట. 1832లో కలరా వచ్చి పారిస్ పేదవాడలు శ్మశానములైన మఱుసటి యేడది. ఆ ప్రశ్నకు వాదముతో సమాధానము చెప్పరాదని ఓజానామ్‌కు తోచెను. 1833వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేది, తనకు ఇరువదియేండ్లు నిండిన దినముననే, అతడును వేళ్లమీద లెక్కింపదగిన మిత్రులును ఎమ్మానుయేల్ బాయీ అను పెద్దమనిషి కార్యాలయమున సమావేశమైరి. బాయీ ఒక పత్రికకు సంపాదకుడు. ఇంత మంచిపని పత్రికాకార్యాలయమున మొదలైనందుకు మావంటివారు కొంత గర్వించినచో పాఠకులు క్షమింతురుగాక!

ఆ విద్యార్థులకు పేదల యిండ్లెచ్చట నున్నవో తెలియదు. మూఫతార్ పేటలో బహుకాలముగ సేవ చేయుచుండిన రోసలీ యను సన్న్యాసిని వారికి కుటుంబముల పేరులు చెప్పి, రొట్టెకు చెల్లు చీటీలిచ్చి, ఏ గడప నెట్లు త్రొక్కవలెనో నేర్పెను. ఈ చిన్న విషయమును మేము ముఖ్యముగ నెంచుచున్నాము. దయకు కూడ ఉపాధ్యాయులు కావలెననియు, ఆ యుపాధ్యాయులు కళాశాలలో గాక పేటలో దొరకుదురనియు ఆ యువకులు మొదటి దినములలోనే గ్రహించిరి. ఓజానామ్ పిదప సోర్బాన్ విద్యాపీఠమున ఆచార్యుడై, నలువదియవయేట, 1853లో మరణించెను. 1997లో పారిస్‌లోనే రెండవ జాన్ పాల్ పోపు అతనిని ధన్యునిగ ప్రకటించెను. అతని సంఘము నేడు లోకమంతట వ్యాపించియున్నది. మన దేశమున పారిష్ గుళ్లయందును విద్యాలయములయందును దాని శాఖలు కలవు.

శాఖ నడచు తీరును గమనింపుడు. సభ్యులు తఱుచుగ, వీలైనచో వారమునకొకసారి, కూడుదురు. ప్రార్థనతో మొదలిడి ప్రార్థనతో ముగింతురు. నడుమ నొక సంచి చేతులు మాఱును. ఎవరెంత వేసిరో ఒకరికొకరు తెలియకుండ వేయుదురు. ధనికుని కుమారుడును, ఉపకారవేతనముతో చదువువాడును ఆ సంచి యెదుట సమానులు. పిమ్మట ఏ కుటుంబమును ఎవరు చూచివచ్చిరో చెప్పుకొందురు. చూచివచ్చుట యిద్దఱిద్దఱుగ జరుగును. ఆ యింటి యద్దె బాకీ, మందుల ఖర్చు, చదువు మానిన పిల్ల, త్రాగుడు మరగిన తండ్రి, ఇవన్నియు శాఖ పుస్తకమున వ్రాయబడును; బయట చెప్పబడవు. సహాయము పొందువారి మతమడుగరాదని సంఘపు నియమము. ఇందు పత్రికలకెక్కు విశేషమేదియు లేదు. బియ్యమెంత యిచ్చిరన్నదానికంటె, ఇచ్చిన చెయ్యి మఱుసటి వారము మరల ఆ గడపకు వచ్చినదా యన్నదే ఈ పద్ధతికి ప్రాణము.

ఈ పద్ధతిని ఆక్షేపించినవారు కాథలిక్కులలోనే పుట్టిరి. వారి యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. 1924లో స్థాపితమైన అఖిలభారత కాథలిక్కు విశ్వవిద్యాలయ విద్యార్థి సమాఖ్య (ఐకఫ్ అని వాడుక) మొదట విద్యార్థుల మతజీవనమును, పరస్పర పరిచయమును పెంపొందించుటకే పనిచేసినది. పిదప దాని నాయకత్వమునకు పియెర్ సెయిరాక్ అను ఫ్రెంచి జెసూటు వచ్చెను. 1914లో జన్మించి, 1937లో మన దేశమునకు వచ్చి, సంస్కృతమును తమిళమును నేర్చి, 2012లో చెన్నపురిలోనే కన్నుమూసిన ఈ మహాశయుని ఈ నగరమున పెద్దలనేకులెఱుగుదురు. ఆయన విద్యార్థులను వాడలకే గాక కఱవు నేలలకును తీసికొనిపోయెను. మానామదురై ప్రాంతపు మెట్టభూములలో వ్యవసాయక్షేత్రము, తమిళనాట వేయిబావుల పథకము ఆయన పేరుతో ముడిపడియున్నవి. గునపము పట్టినవానికి నీరెందుకు లేదను ప్రశ్న కలుగక మానదు. భూమి యెవరిది, బావి యే కులమువారికి వర్జ్యము, కూలి యెవరు నిర్ణయించిరి యను ప్రశ్నలు వెంట వచ్చును. 1970లో పూనమల్లి సమావేశమున ఆ సమాఖ్య, పేదలకు దానము చేయుటతో తృప్తిపడక, అన్యాయమగు సమాజవ్యవస్థను మార్చుటయే విద్యార్థుల కర్తవ్యమని తీర్మానించుకొనెను. నాటినుండి కాథలిక్కు కళాశాలలలో దానసంఘములను కొంచెము చులకనగ చూచువారు బయలుదేరిరి.

మాకు తోచినది చెప్పెదము. రొట్టెచీటీ వలన దారిద్ర్యము తొలగదను మాట నిజము. తరములనాటి అన్యాయమును శనివారపు సంచి సరిదిద్దజాలదు. అయినను వ్యవస్థను గుఱించి గంటలకొలది యుపన్యసింపగలిగి, పేదవాని యింటిలో కూర్చుండి పదినిమిషములు మాటాడ చేతగాని యువకులను మనము చూడలేదా? ఇంటిని ఎఱిగినవాడు వ్యవస్థను గుఱించి మాటాడినపుడు ఆ మాటకు తూకముండును. విన్సెంట్ డి పాల్ శాఖలో మూడేండ్లు తిరిగి, పిదప సమాఖ్యలో వాదమునకు దిగిన విద్యార్థి, రెండింటిలో నొక్కటి మాత్రమే యెఱిగినవానికంటె ఉపయోగకరుడగును. ఈ రెండు సంఘములును ఒకే యావరణలో నుండి పరస్పరము కసరుకొనుచుండుట కళాశాలకు మేలేగాని కీడు కాదు.

ఇక ప్రభుత్వము వచ్చి చేరినది. గాంధీజీ శతజయంతి వత్సరమగు 1969లో, సెప్టెంబరు 24వ తేదిన, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవాపథకము ప్రారంభింపబడినది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటలు, దానితోపాటు ఏడు దినముల ప్రత్యేక శిబిరము: ఇది దాని యేర్పాటు. లెక్కలేకుండ సర్కారు సొమ్ము ఖర్చుకాదు గనుక గంటల లెక్క అచ్చట అనివార్యము. ఆ పథకములో చేరువారు తమంత తామే చేరిరి గనుక లెక్క వలన పెద్ద హాని కలుగలేదు. హాని యెచ్చట మొదలగునన, లెక్కయును నిర్బంధమును ఒకదానినొకటి కలసికొన్నచోట.

నిర్బంధమును సమర్థించువారి వాదమొకటి బలముగలది. స్వేచ్ఛకు వదలినచో ప్రతి తరగతిలో నలుగురైదుగురు మాత్రమే పోదురు. వారు నిర్బంధము లేకున్నను మంచివారే. మోటారుకారులో కళాశాలకు వచ్చి మోటారుకారులో నింటికి పోవు బాలుడు, నిర్బంధము లేనిదే, తన నగరమున కొళాయివద్ద బిందెలు వరుస కట్టు వీధిని జన్మలో చూడడు. ఒక్కమారు చూచినను మేలే కదా యని వారందురు. ఇది కొంతవఱకు సత్యము. కాని మేమడుగునది ఆ వీధివారి పక్షమున. సెమిస్టరు ముగియవచ్చినపుడు, గంటలు నింపుకొనవలసిన నూఱుమంది ఒకే వీధిలో దిగుదురు. ప్రశ్నావళి చేతబట్టి ప్రతి గుమ్మమునందు నిలుతురు. ఛాయాచిత్రములు తీయుదురు, నివేదికకు అవి కావలెను. మఱుసటి యేడు వేఱొక నూఱుమంది అవే ప్రశ్నలతో వత్తురు. ఆ గుమ్మమున నిలిచి ఆదాయమెంత, శౌచాలయమున్నదా యని యేటేట సమాధానము చెప్పు స్త్రీకి దీనివలన కలుగు క్రెడిటు లెన్ని? మన యింటికి ఎవరైన అట్లు వచ్చి యడిగినచో ఒప్పుకొందుమా?

దూరము మఱియొక చిక్కు. నగరపు నడుమనున్న గుడిసెవాడలను తొలగించి, ఆ కుటుంబములను దక్షిణముగ కన్నగినగరమునకును పెరుంబాకమునకును తరలించిరి. నుంగంబాకమునుండి అవి ఇరువది కిలోమీటర్లకు అటునిటుగ నున్నవి. పూర్వము సాయంకాలము కాలినడకను చేరదగిన యింటికి నేడు సగము దినము పట్టును. గంటల లెక్కకు ప్రయాణము కూడ చేర్చుకొని బస్సులో ఒకమారు పోయివచ్చుట తేలిక. వారము వారము ఇద్దఱు పోవుట కష్టము. కష్టమగుటచేతనే అది లెక్కకందని విషయము. 2015 డిసెంబరు వరదలలో కళాశాలల విద్యార్థులనేకులు దుప్పట్లు, ఆహారపు పొట్లములు మోసికొని నీళ్లలో తిరిగిరి. వారినెవ్వరును నిర్బంధింపలేదు. అట్టి సమయమున ఏ వీధిలో మంచముపట్టిన ముసలివారున్నారో ముందే పుస్తకమున వ్రాసికొన్న శాఖ యొకటి యుండుట ఎంతటి మేలో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మతవిషయమును దాటవేయుట మాకిష్టము లేదు. మన పాఠకులలో పెక్కుమంది కాథలిక్కులు కారు. తమ బిడ్డ సేవపేర మతప్రచారమునకు సాధనమగునేమోయను శంక కొందఱికుండుట మేమెఱుగుదుము. బిడ్డ విషయమున రాజ్యాంగము స్పష్టముగ నున్నది. 28వ అధికరణము మూడవ ఖండము ననుసరించి, ప్రభుత్వముచే గుర్తింపబడిన లేదా ప్రభుత్వ ధనము పొందుచున్న విద్యాలయమున, విద్యార్థి సమ్మతిలేకుండ, మైనరైనచో సంరక్షకుని సమ్మతిలేకుండ, మతబోధకుగాని ఆరాధనకుగాని అతనిని రప్పింపరాదు. 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమ విద్యాలయములను స్థాపించి నడుపుకొను హక్కును ప్రసాదించినది. ఈ రెండును పరస్పర విరుద్ధములు కావు. సొడాలిటీ, దాని వారసత్వముగల సమాజములు కాథలిక్కులవిగ నుండుటలో తప్పులేదు. దానసంఘము మాత్రము అందఱికిని తెఱచియున్నచో దాని సమావేశపు ప్రార్థనకు కూర్చుండుట, కూర్చుండకపోవుట సభ్యుని యిచ్ఛకు వదలవలెను. సేవ నిర్బంధ పాఠ్యాంశమై, ఆ సేవ జరుగుటకు మతసంఘమొక్కటియే మార్గమైనచో, అచ్చట రాజ్యాంగపు ప్రశ్న పుట్టును. నిర్బంధమును వద్దనుటకు ఇది మఱియొక కారణము. కాథలిక్కు యాజమాన్యములే మనకంటె ముందు దీనిని గుర్తింపదగును.

కాని మన తల్లిదండ్రుల శంక అంతయు తమ బిడ్డను గుఱించియే. వానికి చదువున్నది, ఇల్లున్నది, కాదను శక్తి యున్నది. అసలు విచారింపవలసినది గడపకు లోపలివారిని గుఱించి. సంచిలో బియ్యము పట్టుకొని వచ్చినవానితో కాదని చెప్పుట అంత సులభము కాదు. అదియునుగాక 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులపు హోదా హిందువులకు, పిమ్మట చేర్చిన శిక్కులకు, బౌద్ధులకు మాత్రమే కలదు. క్రైస్తవము స్వీకరించిన షెడ్యూల్డు కుటుంబమునకు ఆ హోదా లేదు. బిడ్డల చదువులో, ఉద్యోగములలో దాని నష్టమును ఆ కుటుంబమే భరించును. ఈ యుత్తరువు న్యాయమా యని సమాఖ్యవారు బహుకాలముగ ప్రశ్నించుచున్నారు, ఆ చర్చ వేఱు. అది అమలులో నున్నంతకాలము, సహాయము చేతబట్టినవాడు గుమ్మమువద్ద మతప్రసంగము చేయరాదనుట మా నిశ్చితాభిప్రాయము. అట్లని వచ్చిన బాలుడు తన మెడలోని సిలువను దాచుకొనవలెనని మేము కోరము. నీవెందులకు వచ్చితివని యింటివారే యడిగినచో, తన విశ్వాసమే తన్ను పంపినదని చెప్పుటకు వానికి హక్కున్నది. ఓజానామ్‌ను నాడడిగిన ప్రశ్నకు అది నిజాయితీగల సమాధానము.

ఇక మన ఆంధ్రులతో ప్రత్యేకముగ చెప్పవలసిన మాట యొకటి కలదు. చెన్నపురిని తెల్లవారుజామున ఊడ్చి శుభ్రపఱచువారిలో తెలుగువారు పెక్కుమంది. నెల్లూరు మొదలగు జిల్లాలనుండి తాతలనాడు తరలివచ్చిన దళిత కుటుంబములవి. వారి యిండ్లలో నేటికిని తెలుగే మాటాడుదురు. వారి బిడ్డలలో ఆ భాషను చదువను వ్రాయను నేర్చినవారు తగ్గిపోవుచున్నారు. 2006 నాటి తమిళ బోధన శాసనము ఒకటవ తరగతినుండి క్రమక్రమముగ తమిళమును నిర్బంధ పాఠ్యాంశమొనర్చి, 2015-16 నాటికి పదవతరగతిని చేరినది. నివసించు రాష్ట్రపు భాష నేర్చుట మంచిదే, బ్రతుకుతెరువుకు అవసరమే. ఆ బిడ్డలకు తమిళమున చేయూత కావలెను, తెలుగున అక్షరము కావలెను. రెండును చెప్పగలవారెవరు? లొయోలాలోను స్టెల్లా మారిస్‌లోను చదువుచున్న మన బిడ్డలే కదా! తెలుగు ఇంట పుట్టి, తమిళము వీధిలో నేర్చి, ఆ రెండింటిలో నిరాటంకముగ మాటాడు ఇరువదియేండ్ల యువతీయువకులు ఈ నగరమునకు లోటు కాదు.

ఆ గడపలకు మనకంటె ముందు కాథలిక్కు సంఘములవారు వెళ్లినచో నేరము వారిది కాదు. మన నగరమున ఆంధ్రులు సేవ చేయలేదనము. 1937లో దుర్గాబాయమ్మగారు ఇచ్చటనే ఆంధ్ర మహిళాసభను స్థాపించి దేశమునకు దారి చూపిరి. మైలాపూరున రామకృష్ణ విద్యార్థిమందిరము 1905నుండి పేదబాలురకు చదువు, భోజనము నిచ్చుచున్నది. దానికి ధనమిచ్చినవారిలో అన్ని భాషలవారు కలరు. ఐనను నేడు మన సంఘములు ఉగాదికి సన్మానములు, సంక్రాంతికి సంబరములు జరుపుటలో చూపు శ్రద్ధలో పాతికవంతు ఈ పారిశుద్ధ్యపు పనివారి విషయమున చూపుచున్నవా? వారి వీధుల పేరులు వ్రాసియున్న పుస్తకము మన సంఘములలో నెవరివద్ద నున్నది?

కళాశాలల యాజమాన్యములు సేవను మార్కుల జాబితానుండి తొలగింపజాలనిచో, కనీసము గంటల లెక్కను విడిచి, ఇద్దఱు విద్యార్థులకు ఒక కుటుంబమును చదువు ముగియువఱకు అప్పగింపవచ్చును. సంవత్సరాంతమున నివేదిక వ్రాయించుటకు మాఱు, ఆ యింటి బిడ్డ పాఠశాల మానకుండ నున్నదా యని యడిగిన చాలును. తెలుగు మాటాడు వాడలకు తెలుగు విద్యార్థులను పంపుట యే కళాశాలకైనను ఖర్చులేని పని. ఆ వాడలలో సాయంకాలపు బడికి ఒక గది కావలెను, దీపము కావలెను, వాచకములు కావలెను. గది యద్దెను, వాచకములను భరింపగల వకీళ్లును వైద్యులును ఇంజనీర్లును ఈ పత్రికను చదువువారిలో వందలకొలది యున్నారు. కళాశాలలు తెఱచి యింకను నెల కాలేదు. సంఘములలో క్రొత్త సభ్యులను చేర్చుకొనునది ఈ దినములలోనే.